యాత్రకి కుక్కరు ఎందుకు?

ఊరు వెళ్తున్నామంటే మన ఇళ్ళల్లో మొదట సర్దేది బట్టలు కాదు. ఆవకాయ సీసా, కందిపొడి డబ్బా, పులిహోర గిన్నె, కరెంటు కుక్కరు. సర్దేది ఎవరో చెప్పనక్కర్లేదు కదా! లాడ్జి గదిలో ప్లగ్గు వెతికి అన్నం పడేసేదీ, బాత్రూం కుళాయి కింద గిన్నెలు తోమేదీ కూడా ఆవిడే. మిగతావాళ్ళు ఈలోపు సముద్రం చూసొస్తారు.

అడిగితే రెండు కారణాలు చెప్తారు. డబ్బు కలిసొస్తుందట. బయటి తిండి పడదట.

పూరీనే తీసుకోండి. జగన్నాథుడి గుడి ప్రాకారంలోనే ఆనంద బజారు ఉంది. కట్టెల పొయ్యి మీద మట్టికుండలు ఒకదానిమీద ఒకటి పేర్చి వండిన అన్నం, పప్పు, కూరలు స్వామికి నివేదన అయ్యాక అక్కడే అమ్ముతారు. ఉల్లి, వెల్లుల్లి వెయ్యరు. బంగాళాదుంప, టమాటా కూడా ఆ వంటశాల గడప తొక్కవు. ఎవరిదే కులమని అడగకుండా అందరూ పక్కపక్కన కూర్చుని తింటారు. ధర ముందే అడిగి, రెండు మూడు చోట్ల బేరమాడుకుంటే నలుగురి కడుపు నిండడానికి పెద్ద ఖర్చేమీ కాదు. అక్కడిదాకా వెళ్ళి, గదికొచ్చి కందిపొడి కలుపుకోవడం పొదుపా?

ఇక పడదన్న మాట. ఒడియావాళ్ళ దాల్మా అంటే పప్పులో గుమ్మడి, అరటి, ములక్కాడ ముక్కలేసి ఉడికించడమే. మన ముక్కల పప్పుకి పిన్ని కూతురు. పఖాళ అయితే అచ్చంగా మన చద్దన్నం. పక్కన నలిపిన వడియాలు, వేయించిన ఆకుకూర పెడతారు. ఏటా మార్చి 20న దాని పేరుతో ఒక రోజు కూడా జరుపుకుంటారు. మనమేమో చద్దన్నం అన్న మాటే చుట్టాల ముందు అనం. పూరీ ఖాజా చూస్తే మన మడతకాజా గుర్తుకు రాకపోతే నన్నడగండి.

'మన ఆంధ్రా భోజనం, వంటవాళ్ళు మాతోనే' అని కరపత్రాలు వేసే యాత్రా బస్సులంటే నాకు మరీ కోపం. మేమెక్కిన బస్సులో పది రోజులూ పొద్దున ఉప్మా, మధ్యాహ్నం సాంబారు. కాశీలో పక్కసందులోంచి కచోరీ వాసన వస్తుంటే మేము సత్రం వరండాలో వంకాయకూర తిన్నాం. కచోరీ తిందామంటే, "భోజనానికి ముందే కట్టేశాం కదే" అన్నారు మా వారు. ఆయన లెక్క ఆయనది! కాశీ దాకా వెళ్ళడానికి కట్టిన డబ్బు మాటేమిటి?

మంచి తిండి దొరికే చోటు కనుక్కోవడానికి ఫోనులో చుక్కలు లెక్కపెట్టక్కర్లేదు. మధ్యాహ్నం రిక్షావాళ్ళు ఎక్కడ గుమిగూడారో చూడండి. పొయ్యి మీంచి దించింది దించినట్టు అయిపోయే చోట తినండి. అన్నిటికన్నా మంచిది, లాడ్జి ఊడ్చే అమ్మాయిని "మీ ఇంట్లో ఇవాళ ఏం వండుకున్నారు, అది ఇక్కడెక్కడ దొరుకుతుంది?" అని అడగడం. చేతి సైగలు చాలు, భాష రానక్కర్లేదు.

పెద్దవాళ్ళున్నారు, షుగరు ఉంది అంటారా? నిజమే, వాళ్ళ మట్టుకు అటుకులో, కాసిని మరమరాలో పట్టుకెళ్దాం. మా అత్తయ్యని అడ్డుపెట్టి ఆవకాయ సర్దమనేది మాత్రం ఆవిడ కాదు, ఆవిడ కొడుకు. ఆవిడకి దాల్మా పెడితే ఇంకో గరిటె వెయ్యమంటుంది.

సంక్రాంతి సెలవులకి మళ్ళీ పూరీ అనుకుంటున్నాం. కుక్కరు అటక మీద ఉంది. కావలసినవాళ్ళు దింపుకుని, మోసుకొచ్చి, వండి, తోముకోవచ్చని ఇంట్లో చెప్పేశాను.