మన వంతు వచ్చేదాకా ఆగే ఆట

శంషాబాద్‌లో చీకటి పడినంత మాత్రాన పని ఆగదు. 2008 మార్చిలో విమానాశ్రయం బేగంపేట నుంచి ఇక్కడికి తరలివచ్చాక, ఈ చుట్టుపక్కల షిఫ్టుల లెక్కన బతికే కుటుంబాలు పెరిగాయి. కార్గోలో పెట్టెలు ఎత్తేవారు, భద్రతా సిబ్బంది, టాక్సీ నడిపేవారు ఎందరో ఫజ్ర్ వేళకు ఇల్లు చేరుతారు. ఇంట్లో నెలల పసికందు ఉంటే ఆ తండ్రికి నిద్ర గానీ, తీరిక గానీ ముక్కలుగానే దొరుకుతుంది.

పెళ్లికి ముందు ఫోనులో పబ్జీ ఆడిన యువకునికి ఆ ముక్కలు చాలవు. అందులో దిగితే దాదాపు అరగంట కదలరాదు. బిడ్డ గుక్కపట్టి ఏడ్చినా ఆట ఆగదు. అటువంటి ఇంటికి సరిపడే ఆటలు వేరే ఉన్నాయి. వాటిని టర్న్ బేస్డ్ స్ట్రాటజీ గేములంటారు, అంటే వంతులవారీ వ్యూహపు ఆటలు. మన ఎత్తు మనం వేసేదాకా అవతలి పక్షం కదలదు. ఫోను పక్కన పెట్టి పాలసీసా కడిగి వచ్చినా ఆట ఉన్నచోటే ఉంటుంది. 1991లో సిడ్ మేయర్, బ్రూస్ షెల్లీ రూపొందించిన ‘సివిలైజేషన్’ ఈ కోవలో పేరుపొందినది. ఒక చిన్న ఊరితో మొదలై వేల ఏళ్ల చరిత్ర నడుస్తుంది. 2016లో ఫోన్లకు వచ్చిన ‘పాలిటోపియా’ అంతకంటే చిన్నది. దానిలో ఒక పద్ధతి సరిగ్గా 30 వంతులకు ముగుస్తుంది. ఒడిలో బిడ్డ నిద్రపోతుంటే ఒక బొటనవేలు చాలు.

ఇది కొత్త వింతేమీ కాదు. మన చతురంగమే పర్షియా మీదుగా అరబ్బులకు చేరి షత్రంజ్ అయింది. పదో శతాబ్దపు బగ్దాద్‌లో అబూబక్ర్ అస్-సూలీ దానిపై గ్రంథాలే రాశాడు. ఆ ఆట విషయంలో ఫిఖ్ పండితులకు తొలినుంచీ భిన్నాభిప్రాయాలున్నాయి. పందెం కూడదనీ, నమాజును మరపించరాదనీ అనడంలో మాత్రం భేదం లేదు.

ఆగే ఆటకూ ఒక పేచీ ఉంది. అది మనల్ని తొందరపెట్టదు కనుక లేవమనీ చెప్పదు. ‘ఇంకొక్క వంతు’ అనుకుంటూ తెల్లవార్లూ కూర్చోవడం సివిలైజేషన్ ఆడేవారిలో సామెతగా మారింది. నా దృష్టిలో 30 వంతుల ఆట మేలు. ముగింపు దానిలోనే ఉంది.

అంతకంటే పెద్ద ప్రశ్న మరొకటి. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన అబ్బాకు కాస్త వినోదం కావాలని ఇల్లంతా ఒప్పుకుంటుంది. రాత్రంతా బిడ్డతో మేలుకున్న అమ్మీ వంతు ఎప్పుడు? ఆమె ఫోను తీస్తే ‘బిడ్డను చూసుకోక ఇదేమిటి’ అనే అత్తగార్లు లేకపోలేదు.

గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2017లో తల్లి అయ్యారు. దాదాపు రెండేళ్లు పోటీలకు దూరంగా ఉండి, 2019 డిసెంబరులో మాస్కోలో ప్రపంచ మహిళల ర్యాపిడ్ చదరంగం గెలిచారు. 2024లో న్యూయార్క్‌లో అదే బిరుదు మళ్లీ దక్కించుకున్నారు. తాను ప్రయాణంలో ఉన్నప్పుడు కూతురిని తన తల్లిదండ్రులు చూసుకుంటారని ఆమె బహిరంగంగానే చెప్పారు. గుంటూరు ద్రోణవల్లి హారిక 2022లో తొమ్మిదో నెల గర్భంతో మామల్లపురం ఒలింపియాడ్‌లో ఆడారు. భారత మహిళల జట్టుకు కాంస్యం వచ్చింది. ప్రతి ఇంటా గ్రాండ్‌మాస్టర్ ఉండనవసరం లేదు. ఆ తాత, అమ్మమ్మల తోడు మాత్రం ఏ ఇంట్లోనైనా సాధ్యమే.

షిఫ్టు పట్టిక ఎలాగూ ఫ్రిజ్ మీదో, గోడ మీదో అంటించి ఉంటుంది. ఆయన నిద్రలేచాక ఒక గంట బిడ్డ ఆయన దగ్గర, ఆ గంట ఆమెది అని అదే కాగితంపై ఒక గీత గీసి రాయవచ్చు. ఆ గంటలో ఆమె ఆడుతుందో, చదువుకుంటుందో, పడుకుంటుందో అడగనవసరం లేదు.