కనిపించని డాక్టరుగారు

క్యాన్సర్ వైద్యమంటే మన కృష్ణా జిల్లావాళ్ళకు మంటాడలో పుట్టిన నోరి దత్తాత్రేయుడుగారు గుర్తొస్తారు. బసవతారకంగారి పేర 2000లో హైదరాబాదులో తెరిచిన ఆస్పత్రి గుర్తొస్తుంది. కోసిన సర్జనుగారికి దండం పెడతాం. మందు రాసినవారికి పళ్ళబుట్ట పంపుతాం. కాని ఎంత కోయాలో, ఏ మందు రాయాలో తేలడానికి ఆధారమిచ్చే డాక్టరు మరొకరున్నారు. రోగి వారిని చూడదు, వారూ రోగిని చూడరు. వారే పెథాలజిస్టు.

తెలుగు పంతుల్ని కనుక నాకు తెలిసిన పోలిక చెబుతాను. కాళిదాసుకు వ్యాఖ్యానం రాసిన మల్లినాథసూరి మన తెలుగువాడే. మూలంలో లేనిది ఒక్క ముక్కయినా రాయనని ఆయన పట్టుదల. పెథాలజిస్టుదీ అదే వ్రతం. రొమ్ములోంచి తీసిన పిసరంత కండే వారికి మూలం.

ఆ కండను వెంటనే ఫార్మలిన్‌లో వెయ్యాలి. హార్మోను పరీక్షలు సరిగా రావాలంటే అందులో 6 గంటలకు తగ్గకుండా, 72 గంటలు మించకుండా ఉండాలి. తరవాత మైనంలో దిమ్మకట్టి, మిల్లీమీటరులో సుమారు 200వ వంతు మందాన పొరలు కోసి, రంగువేసి మైక్రోస్కోపు కింద చూస్తారు. క్యాన్సరా, కాదా? అయితే ఎంత దూకుడుది? దీనికే 1, 2, 3 అని గ్రేడులు. ఆపరేషనయ్యాక, కోసిన అంచులో ఇంకా మిగిలిందా, చంకలోని గ్రంథులకు పాకిందా అని కూడా వారే చెప్పాలి.

అంతటితో అయిపోలేదు. ఈస్ట్రోజెన్ హార్మోనును పట్టుకునే కొక్కేలవంటివి ఆ కణాల్లో ఉంటే టామాక్సిఫెన్‌వంటి మాత్రలు పనికొస్తాయి. హెర్-2 అనే ప్రొటీను మితిమీరి ఉంటే 1998లో అమెరికాలో అనుమతి పొందిన ట్రాస్టుజుమాబ్‌వంటి మందులున్నాయి. ప్రొజెస్టెరాన్‌తో కలిపి ఈ మూడూ లేకపోతే దారి వేరు. పక్కింటావిడకు పనిచేసిన మందు మనింటావిడకు ఎందుకు రాయలేదంటే, జవాబు ఇక్కడుంది.

గుడివాడ వైపు మా దూరపు బంధువొకావిడకు ఓ చిన్న నర్సింగుహోములో రొమ్ములో గడ్డ తీశారు. “వట్టి కొవ్వుగడ్డే” అని పారేశారు. పరీక్ష ఖర్చు తప్పిందని ఇంట్లోవాళ్ళూ ఊరుకున్నారు. ఏడాది తిరక్కుండా అదేచోట మళ్ళీ గడ్డ. విజయవాడలో సూది పరీక్ష చేస్తే క్యాన్సరని తేలింది. “మొదటి గడ్డ రిపోర్టేదమ్మా?” అని డాక్టరుగారు అడిగితే అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మూలమే లేకపోతే మల్లినాథుడైనా ఏం రాస్తాడు? ఆవిడిప్పుడు వైద్యం చేయించుకుంటున్నది. పోయిన ఏడాదిని మాత్రం ఎవరూ తెచ్చివ్వలేరు.

అందుకే నా మనవి: తీసిన గడ్డ ఉసిరికాయంతైనా సరే, పరీక్షకు పంపమని అడగండి. సూది గుచ్చితే రోగం పాకుతుందన్న మాట విని పరీక్ష మానకండి. క్యాన్సరని తేలితే రిపోర్టులో ఆ మూడింటి సంగతీ ఉందో లేదో కనుక్కోండి. ఆ కాగితాన్ని పొలం దస్తావేజుల పక్కన దాచండి. మరో డాక్టరు అభిప్రాయం కావాలంటే మైనపు దిమ్మ, స్లైడులు ల్యాబులో అడిగి తీసుకోవచ్చు.

రిపోర్టుకు నాలుగురోజులు పట్టిందని విసుక్కోకండి. తొందరపడవలసింది గడ్డ చేతికి తగిలిన రోజున. ఆ మాట సిగ్గుపడకుండా చెప్పగలిగే చనువు ఇంట్లో ఆడవాళ్ళకు ఉన్నదా అని మగవాళ్ళం ఓసారి ఆలోచించుకోవాలి.