రిటైరయిన మర్నాటి సోమవారం

1983 ఫిబ్రవరి సంగతి పెద్దవాళ్ళలో చాలామందికి గుర్తుండే వుంటుంది. ఉద్యోగుల పదవీ విరమణ వయస్సును 58 నుంచి 55కు తగ్గిస్తూ అప్పటి రాష్ట్ర ప్రభుత్వం ఆ నెల 8న ఉత్తర్వు జారీ చేసింది. 55 నిండినవారంతా 28వ తేదీ సాయంత్రానికి ఇంటిదారి పట్టవలసి వచ్చింది. ఒక్క ప్రభుత్వోద్యోగులే 18,000 మందికి పైగా! సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు గాని, 1985లో తీర్పు ప్రభుత్వం వైపే వచ్చింది. ఈలోగా ఆ వయస్సు మళ్ళీ 58 అయింది. ఇప్పుడు తెలంగాణలో 2021 నుంచి 61, ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుంచి 62.

పాపం, వాళ్ళకు దొరికిన వ్యవధి ఇరవై రోజులు. మీ రిటైర్మెంటు తేదీ మీకు ఉద్యోగంలో చేరిన నాడే తెలుసు. మరి మీరేం ఏర్పాట్లు చేసుకున్నారు?

అబిడ్స్‌లోని ఒక ఆఫీసులో సూపరింటెండెంటుగా పనిచేసి రిటైరయిన ఒకాయన ఎనిమిది నెలల తరువాత నా దగ్గరకు వచ్చారు. నీరసం, నిద్రలేమి, కాళ్ళ మంటలు. పరగడుపున రక్తంలో చక్కెర 210 వుంది. "మందులు మానలేదు డాక్టరుగారూ" అన్నారాయన. పక్కనే వున్న భార్య నవ్వి, "క్యారియరుతోపాటు మాత్ర కూడా మానేశారండీ" అన్నారు.

విషయమేమిటంటే, ఆవిడ ఇరవై ఏళ్ళుగా మధ్యాహ్నం మాత్రను కాగితంలో చుట్టి టిఫిను క్యారియరు మూతలో పెట్టి పంపేవారు. రిటైరయ్యాక క్యారియరు అటక ఎక్కింది. మాత్ర గుర్తుంటే వేసుకోవడం, లేకపోతే లేదు. అంతేకాదు. ఆయన రోజూ లోకల్ రైల్లో వచ్చి నాంపల్లి స్టేషనులో దిగి అబిడ్స్ దాకా నడిచేవారు. సాయంత్రం మళ్ళీ స్టేషనుకు నడక. ఆఫీసులో రెండంతస్తుల మెట్లు. దాన్ని ఆయన ఏనాడూ వ్యాయామం అనుకోలేదు. ఉద్యోగంతోపాటు అదీ పోయింది, పదకొండింటికి టీ తాగుతూ కబుర్లు చెప్పుకునే నలుగురు మిత్రులూ పోయారు. మిగిలింది వాలుకుర్చీ.

కాబట్టి రిటైరవడానికి ఏడాది ముందే ఒక కాగితం తీసుకుని, ఆఫీసు వల్ల మీ శరీరానికి జరుగుతున్న మేలేమిటో రాసుకోండి. ఎంత నడుస్తున్నారు, ఎన్నింటికి తింటున్నారు, మాత్ర ఎప్పుడు వేసుకుంటున్నారు, ఎవరితో మాట్లాడుతున్నారు. వాటికి ఇంటి దగ్గర బదులు ఏమిటో పక్కనే రాయండి. రక్తపోటు, చక్కెర, మూత్రపిండాల పరీక్షలు, కళ్ళు, పళ్ళు అప్పుడే చూపించుకోండి. చెవులను మరిచిపోవద్దు. సరిగా వినబడని మనిషి నలుగురిలో కూర్చోవడం మానేస్తాడు, దాన్ని మనం ముసలితనమని సరిపెట్టుకుంటాం.

నడక వారానికి 150 నిమిషాలు తక్కువ కాకూడదు. నాంపల్లి వాళ్ళకు పబ్లిక్ గార్డెన్సు చేతికందే దూరంలో వుంది. అయితే నడక ఒక్కటే చాలదు. వయస్సుతోపాటు కండ తరిగిపోతుంది. గట్టి కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా పదిసార్లు లేచి కూర్చోండి. గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడడం అలవాటు చేసుకోండి. నడుస్తుంటే ఛాతీలో బరువనిపిస్తే వెంటనే ఆగి, డాక్టరును కలవండి. స్నానాలగదిలో పట్టుకోవడానికి ఒక కడ్డీ బిగించుకోండి. తుంటి ఎముక విరిగాక చేయించే ఆపరేషను కంటె అది ఎంతో చవక.

డబ్బు మాట డాక్టరుకెందుకు అంటారేమో! గ్రాట్యుటీ మొత్తం కొడుకు ఫ్లాటుకు ఇచ్చేసి, మందుచీటీ చేత్తో పట్టుకుని అదే కొడుకు ముఖం వంక చూసే తండ్రులను నేను చూస్తున్నాను. వాళ్ళ రక్తపోటుకు నేను రాసే మాత్ర సగమే పనిచేస్తుంది. పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీము 2004 నుంచి వుంది. మూడు నెలలకోసారి వడ్డీ చేతికొస్తుంది. 2023 నుంచి 30 లక్షల దాకా దాచుకోవచ్చు. మీ మందుల ఖర్చుకు సరిపడా ముందు పక్కన పెట్టి, తరువాతే పిల్లలకు ఇవ్వండి.

ఇంకొక మాట. ఇల్లాలికి రిటైర్మెంటు లేదు. మీరు పగలంతా ఇంట్లో వుంటే ఆవిడకు పెరిగేది మూడు కాఫీలూ, ఒక ఆఫీసరూ. కనీసం మీ మంచినీళ్ళు మీరు ముంచుకోండి.

మా సూపరింటెండెంటుగారి మందు మార్చలేదు. క్యారియరు మూత అటక మీంచి దిగి భోజనాల బల్ల మీదకు వచ్చింది, మాత్ర మళ్ళీ అందులోనే. వారంలో అయిదు రోజులు ఉదయం నడక. ఆదివారం మాత్రం పాత దారే. లోకల్ రైల్లో నాంపల్లి, అక్కణ్ణించి నడిచి అబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీది పాత పుస్తకాల దుకాణాలు. ఆఫీసు మిత్రులిద్దరు అక్కడే కలుస్తున్నారు. మూడు నెలల తరువాత చక్కెర 130కి దిగింది. పుస్తకాల సంచీతో స్టేషనుకు తిరిగి వెళ్ళేటప్పుడు ఆటో ఎక్కుతున్నానని కాస్త సిగ్గుపడుతూ చెప్పారు. సంచీ చూశాను. ఎక్కమనే అన్నాను.