కన్నూ కాలూ ఎవరివి?

ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్ల వైపు వెళ్లి 'నాకు రన్నింగ్ అంటే ఇష్టం' అని చెప్పి చూడండి. ఏ లింకు, ఏ బండి, హెడ్‌క్వార్టర్ ఎక్కడ అని ఎవరైనా అడిగితే ఆశ్చర్యపోనక్కర్లేదు. ఈ ఊళ్లో రన్నింగ్ అంటే ఉద్యోగం. ఇంజను నడిపేవారు, వెనక పెట్టెలో కూర్చునే గార్డులు రన్నింగ్ స్టాఫ్. గార్డులను 2022 నుంచి ట్రెయిన్ మేనేజర్లంటున్నారు కానీ వాడుకలో ఇంకా గార్డులే. వాళ్లు పరాయి ఊళ్లో కునుకు తీసే చోటు రన్నింగ్ రూమ్. జీతంతోపాటు వచ్చేది రన్నింగ్ అలవెన్స్. ఎవరూ తరమకుండా, ఎక్కడికీ చేరాల్సిన పని లేకుండా తెల్లారగట్ల బూట్లు కట్టుకుని పరిగెత్తడాన్ని కూడా అదే పేరుతో పిలిస్తే ఇక్కడివారికి కాస్త వింతగానే ఉంటుంది.

అలాగని ఈ ఊళ్లో పరిగెత్తేవారు లేరనుకోవద్దు. ఏ మైదానానికైనా చీకటితోనే వెళ్లండి, ఇరవై ఏళ్ల కుర్రాళ్లు గుంపులుగా కనిపిస్తారు. వాళ్లది సరదా పరుగు కాదు. రైల్వేలో లెవెల్-1 ఉద్యోగానికి, అంటే పాత లెక్కలో గ్రూప్-డికి, రాత పరీక్ష ఒక్కటే చాలదు. మగవారు 1000 మీటర్లు 4 నిమిషాల 15 సెకన్లలో పరిగెత్తాలి. ఆడవారికి 5 నిమిషాల 40 సెకన్లు. అవకాశం ఒక్కసారే. ఆపైన మగవారు 35 కిలోలు, ఆడవారు 20 కిలోల బరువు దించకుండా 2 నిమిషాల్లో 100 మీటర్లు మోయాలి. 2019లో ఇచ్చిన నోటిఫికేషన్‌లో ఈ తరహా పోస్టులు 1,03,769. దరఖాస్తులు కోటీ 15 లక్షలు. రాత పరీక్ష జరిగేసరికి 2022 ఆగస్టు వచ్చింది. ఆ మూడేళ్లూ కాళ్లను ఫామ్‌లో ఉంచుకోవడమూ ఒక ఉద్యోగమే, జీతం లేదంతే.

ఈ లెక్కను ఇంకోవైపు నుంచి చూడండి. కిలోమీటరుకు 4 నిమిషాల 15 సెకన్లంటే గంటకు 14 కిలోమీటర్ల పైచిలుకు. అదే వేగాన్ని 42.195 కిలోమీటర్లు నిలబెట్టగలిగితే మారథాన్ మూడు గంటల్లోపే పూర్తవుతుంది. ముంబైలోనో హైదరాబాద్‌లోనో వేలు పోసి బూట్లు, చేతికి జీపీఎస్ గడియారం కొనుక్కుని పరిగెత్తే ఔత్సాహికులకు 'మూడు గంటల్లోపు' అన్నది ఏళ్ల తరబడి వెంటాడే కల. ట్రాక్ పక్కన పలుగు పట్టే ఉద్యోగం కోరేవాడు ఆ వేగాన్ని ఒక్క కిలోమీటరుకైనా ఇచ్చి తీరాలి. ఒకరికి పతకం, మరొకరికి తిండి.

ఖరగ్‌పూర్ స్టేషన్ ప్లాట్‌ఫాం పొడవు 1072.5 మీటర్లు. ప్రపంచంలోకెల్లా పొడవైనదని చిన్నప్పుడు జనరల్ నాలెడ్జి పుస్తకాల్లో బట్టీ పట్టినది ఇదే. 2013లో 1366 మీటర్లతో గోరఖ్‌పూర్, 2023లో 1507 మీటర్లతో హుబ్బళ్లి దీన్ని దాటేశాయి. ఊరివాళ్లు మాత్రం ఆ ఘనతను అంత తేలిగ్గా వదులుకోవడం లేదు. నాకు నచ్చే విషయం వేరు. ఈ చివర నుంచి ఆ చివరకు నడిస్తే సుమారుగా ఆ పరీక్ష దూరమే. బతుకుదెరువు కోసం ఎంత దూరం పరిగెత్తాలో చూపించడానికే కట్టారా అనిపిస్తుంది.

కాలు సంగతి ఇదైతే, కన్నుదీ అదే కథ. ఇంజను నడపాలంటే ఎ-1 వైద్య ప్రమాణం దాటాలి. కళ్లద్దాలు లేకుండా రెండు కళ్లకూ 6/6 చూపు ఉండాలి. ఎరుపూ పచ్చా తేడా తెలియాలి. లేజర్ ఆపరేషన్‌తో చూపు సరిచేయించుకుంటే పనికిరారు. పైగా ఆ పరీక్ష ఒక్కసారితో పోదు, సర్వీసు పొడవునా వెంటాడుతుంది. సిగ్నల్ చూడటానికి జీతమిచ్చే సంస్థకు ఆ కన్ను మీద హక్కుంది. ఇక ఫొటో సంగతంటారా? దరఖాస్తుకు ఫొటో, గుర్తింపు కార్డుకు ఫొటో, పాసుకు ఫొటో, రిటైరయ్యే రోజున మెడలో దండతో గ్రూప్ ఫొటో. మొహం సూటిగా, వెనక తెల్లగోడ. ఇలాంటి ఊళ్లో ఒకడు కెమెరా పట్టుకుని పొద్దుటి మంచులో ఓవర్‌బ్రిడ్జి మీద ఊరికే నిలబడితే 'ఎందుకు?' అని అడగడం సహజం. ఆ ప్రశ్నకు సరైన జవాబు 'ఊరికే' అన్నదే. ఆ 'ఊరికే' మాత్రం ఈ ఊరికి ఊరికే రాలేదు.

రాజనీతి శాస్త్రం చదివినవాడికి హాబీల గురించి రాయమంటే పనిగంటల గురించి రాస్తాడని మీరు నవ్వుకోవచ్చు. కానీ వేరే దారి లేదు. 1919లో వాషింగ్టన్‌లో కుదిరిన అంతర్జాతీయ కార్మిక సంస్థ మొట్టమొదటి ఒప్పందం పరిశ్రమల్లో రోజుకు 8, వారానికి 48 గంటలే పని అంది. అందులోనే బ్రిటిష్ ఇండియాకు ఒక మినహాయింపు రాశారు. ఫ్యాక్టరీలు, గనులు, కొన్ని రైల్వే శాఖల్లో ఇక్కడ వారానికి 60 గంటలు. తేడా 12 గంటలు. ఒక మనిషి వారం పొడవునా పరిగెత్తడానికీ, ఫొటోలు తీసుకోవడానికీ, మధ్యాహ్నం ఓ కునుకు తీయడానికీ సరిపోయే సమయమది. ఐరోపా కార్మికుడికి దొరికి, ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో పనిచేసేవాడికి దొరకని సమయం.

ఆ రోజుల్లో ఈ ఊరు బెంగాల్ నాగపూర్ రైల్వేది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్లు వర్క్‌షాపులో, లోకోషెడ్డులో, పట్టాల మీద చెమటోడ్చారు. ఇప్పటికీ బజారులో బెంగాలీ, హిందీతోపాటు ఉత్తరాంధ్ర యాస చెవిన పడుతుందంటే కారణం వాళ్లే. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషగా గుర్తింపునివ్వడానికి అంగీకరించినప్పుడు మొదట వినిపించిన పేరు కూడా ఖరగ్‌పూర్‌దే. 1927లో ఇక్కడి కార్మికులు సమ్మెకట్టారు. బీఎన్ఆర్ కార్మికులను నడిపించిన నాయకుల్లో బరంపురంలో పుట్టిన వి.వి.గిరి ఒకరు. చరిత్ర వెటకారం చూడండి. 1974 మే 8న జార్జ్ ఫెర్నాండెజ్ నాయకత్వంలో దేశమంతా రైళ్లు ఆపేసినప్పుడు రాష్ట్రపతి భవన్‌లో ఉన్నది ఆ గిరిగారే. ఇంజను సిబ్బందికి 8 గంటల పని ఆ సమ్మె డిమాండ్లలో ఒకటి. ప్రభుత్వం వేల మందిని అరెస్టు చేసింది. మే 27న సమ్మె ముగిసింది.

అది పాత చరిత్రేమీ కాదు. 2024లో దక్షిణ రైల్వే లోకో పైలట్లు ఆందోళనకు దిగింది వారపు విశ్రాంతి కోసమే. డ్యూటీ దిగాక ఇచ్చే 16 గంటలను 30 గంటల వారపు విశ్రాంతిలో కలిపేయకుండా, రెండూ కలిపి 46 గంటలు ఇమ్మని అడిగారు. రెండు రాత్రులు వరసగా ఇంట్లో పడుకోవాలన్నది ఒక వృత్తి మొత్తం పోరాడి అడగాల్సిన కోరిక అయినప్పుడు, హాబీ అన్న మాటను కొంచెం మర్యాదగా పలకాలి.

విచిత్రమేమిటంటే ఫొటో, పరుగు, రైలు పుట్టుకలోనే చుట్టాలు. కాలిఫోర్నియాలో లీలాండ్ స్టాన్‌ఫర్డ్ అనే రైల్వే కంపెనీ అధిపతికి గుర్రాల పిచ్చి. పరిగెత్తే గుర్రం నాలుగు కాళ్లూ ఒకేసారి నేలను వదులుతాయా లేదా అన్నది ఆయన్ని వేధించిన సందేహం. ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ అనే ఫొటోగ్రాఫర్‌ను పెట్టుకుని, 1878 జూన్‌లో ట్రాక్ పక్కన 12 కెమెరాలు వరసగా బిగించి తీయించాడు. వదులుతాయని తేలింది. మనిషి కన్ను యుగాలుగా చూస్తూ కూడా చూడనిదాన్ని కెమెరా పట్టేసింది. సినిమా అక్కడి నుంచే మొదలైందనేవారున్నారు. ఖర్చు పెట్టింది రైల్వే డబ్బు, తీర్చుకున్నది ఒక సరదా.

బెంగాల్‌లో దీనికి జవాబు సత్యజిత్ రే. 'పథేర్ పాంచాలి'లో అపూ, దుర్గ రెల్లుపూల మధ్య నుంచి రైలు చూడటానికి పరిగెత్తే ఘట్టం చూడనివారికి చెప్పలేం, చూసినవారికి చెప్పనక్కర్లేదు. 1952 అక్టోబరులో రే షూటింగ్ మొదలుపెట్టింది ఆ ఘట్టంతోనే. అప్పటికి ఆయన ఒక ప్రకటనల కంపెనీలో ఉద్యోగి. ఆదివారం వస్తేనే సినిమా. కెమెరా పట్టిన సుబ్రత మిత్ర కుర్ర వయసు స్టిల్ ఫొటోగ్రాఫర్, అంతకుముందు సినిమా కెమెరా తిప్పి ఎరుగడు. ఒక ఆదివారం సగం తీసి, మరో ఆదివారం వెళ్లేసరికి పూలు లేవు. పశువులు మేసేశాయి. మిగతా సగం తీయడానికి మళ్లీ రెల్లు పూసేదాకా ఆగాల్సి వచ్చింది. సెలవు రోజున మాత్రమే చేసే పని ఎంత నిదానంగా నడుస్తుందో, అయినా ఎంత దూరం వెళ్తుందో చెప్పడానికి ఇంతకంటే నాకు ఉదాహరణ దొరకలేదు.

ఇంత చెప్పాక ఒక హెచ్చరిక తప్పదు. పట్టాల మీద ఫొటోల సరదా ప్రాణం మీదికి తెస్తుంది. గంటకు 130 కిలోమీటర్ల వేగంతో వచ్చే రైలు సెకనుకు 36 మీటర్లు కదులుతుంది. ఫోన్ పైకెత్తి, నవ్వి, నొక్కడానికి 5 సెకన్లు పడితే ఈలోగా 180 మీటర్లు దాటేస్తుంది. డ్రైవర్ చూసి బ్రేకు వేసినా అంతలో ఆగేది కాదు. 1989 రైల్వే చట్టంలోని 147వ సెక్షన్ కింద పట్టాల మీదికి అక్రమంగా వెళ్తే 6 నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఆ చట్టం సంగతి అటుంచి, మంచి ఫొటో కూడా రాదు. రైలు అందం పక్క నుంచి. కంచె ఇవతల, ఓవర్‌బ్రిడ్జి మీద నిలబడి, షట్టర్‌ను సెకనులో 30వ వంతుకు పెట్టి, బండితోపాటు కెమెరాను నిదానంగా తిప్పండి. ఆ ముప్పయ్యో వంతు సెకనులో రైలు మీటరు పైనే జరుగుతుంది. మీ చెయ్యి దానితో కలిస్తే ఇంజను నిలిచిపోయి లోకం పరిగెడుతుంది. పదిసార్లలో తొమ్మిదిసార్లు కలవదు. పరుగులో మొదటి నెల ఊపిరి కలవనట్టే.

ఖరగ్‌పూర్‌లో ఫొటో అన్న మాటకు మరో బరువు కూడా ఉంది. 2023 జూన్ 2న బహానగా బజార్‌లో కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదం జరిగింది ఈ డివిజన్‌లోనే. ఆ సాయంత్రం బండి ఈ స్టేషన్ మీదుగానే వెళ్లింది. 290 మందికి పైగా చనిపోయారు. తమవారి కోసం వచ్చిన కుటుంబాలకు బాలాసోర్‌లో చూపించింది ఫొటోలే. ఒక్కొక్కటీ చూసుకుంటూ పోవాలి. ఆ తర్వాత కొన్నాళ్లు ఈ వైపు రైలుకు కెమెరా ఎక్కుపెట్టడానికి చెయ్యి రాలేదంటే అతిశయోక్తి కాదు.

సరదాకు విలువ కట్టమంటే ఈ ఊరు ధోనీ పేరు చెబుతుంది. 2001 నుంచి 2003 దాకా ఇక్కడ టికెట్ కలెక్టర్‌గా పనిచేసి వెళ్లిపోయిన కుర్రాడు భారత జట్టు కెప్టెన్ అయ్యాడు. 2016లో సినిమా కూడా వచ్చింది. దాంతో మైదానంలో ఎవరు కనిపించినా పెద్దలు వేసే మొదటి ప్రశ్న: 'దీనివల్ల ఏమొస్తుంది?' స్పోర్ట్స్ కోటా వస్తుందంటే సరే. లేకపోతే టైం వేస్టు. ధోనీ కథను అలా వాడుకోవడం నాకు నచ్చదు. అతను వచ్చిన ఉద్యోగాన్నే వదిలేసి వెళ్లాడు కదా! ఇటీవల దీనికి కొత్త రూపం వచ్చింది. పరిగెత్తిన ప్రతి కిలోమీటరూ ఫోన్‌లో నమోదై పదిమందికీ తెలియాలి, తీసిన ప్రతి ఫొటోకూ సాయంత్రానికల్లా లైకులు పడాలి. పైఅధికారి లేని చోట మనమే ఒకరిని నియమించుకున్నట్టు. నేను పరిగెత్తేటప్పుడు ఫోన్ ఇంట్లో వదిలేస్తాను. కెమెరా ఉన్న రోజు పరిగెత్తను, పరిగెత్తిన రోజు కెమెరా తీయను. రెండూ కలిపితే రెండూ చెడతాయి, మెడకు దెబ్బ అదనం.

మొన్న శీతాకాలంలో అలాంటి కెమెరా రోజునే మైదానం అంచున కూర్చుని, కిలోమీటరు పరుగు సాధన చేస్తున్న కుర్రాళ్లను తీస్తున్నాను. వారిలో ఒకడు చివరి వంద మీటర్లు వస్తున్నప్పుడు తీసినది బాగా కుదిరింది. రెండు కాళ్లూ నేలకు జానెడు ఎత్తున ఉన్నాయి, మొహం అలికినట్టు చెదిరిపోయింది. రొప్పుతూ వచ్చి కెమెరా వెనక తెరలో చూసుకున్నాడు. 'మొకం అగుపడట్లేదేటండీ?' అన్నాడు. కాసేపు ఆగి, దరఖాస్తుకు పనికొచ్చేలా మరొకటి తీసిపెట్టమని అడిగాడు. పక్కనున్న సున్నపు గోడ దగ్గర నిలబెట్టి తీశాను. జుట్టు తడి చేసుకుని దువ్వుకున్నాడు కానీ ఆయాసం ఇంకా తగ్గలేదు, అందుకే నోరు కొంచెం తెరుచుకునే ఉంది. రెండూ ఫోన్‌కు పంపమన్నాడు. పంపాను.