చెప్పు కింద పెట్టండి

రాత్రి వంటింట్లో లైటు వేస్తాం. సింకు పైన గోడకి అరచెయ్యంత సాలీడు అతుక్కుని ఉంటుంది. ఒకరు కెవ్వుమంటారు, ఇంకొకరు చెప్పు అందుకుంటారు. పక్కన నిలబడ్డ పిల్లవాడు ఆ రాత్రి నేర్చుకునేది ఒక్కటే: భయమేస్తే చంపెయ్యాలి. తలచుకుంటేనే నాకు ఒళ్లు మండుతుంది.

దాని పేరు హెటెరోపొడా వెనటోరియా. అందులో 1767లో లిన్నేయస్ పెట్టిన ‘వెనటోరియా’ అన్న మాటలోనే వేట ఉంది. అది వల పన్నదు. మూలల్లో బూజు దాని పని కాదు. బొద్దింకల కోసం వచ్చింది. బొద్దింకల్ని పిలిచింది మన సింకు కింది తడి, మూతలేని చెత్తబుట్ట.

కళ్లు ఎనిమిదున్నా చీకట్లో దానికి పెద్ద దిక్కు కాళ్లే. కాళ్ల మీద నిక్కి ఉండే సన్నటి రోమాలు గాలి కాస్త కదిలినా ఊగుతాయి. పురుగు రెక్క ఆడించినా, మనం చెప్పు విసిరినా ఆ గాలి ముందు వాటికే తగులుతుంది. కాలి పెంకులో, కీళ్ల దగ్గర, కంటికి ఆనని చీలికలుంటాయి. గోడ అదిరితే అవి నొక్కుకుని ఆ అదురుని నాడికి అందిస్తాయి. చెవుల్లేవు, వింటుంది. కాలి రోమాలతోనే రుచి చూస్తుంది. ఆడదాని జాడ తగిలితే మగది కాళ్లు వణికించి సన్నగా ఝుమ్మంటుంది. ఆడది బిళ్లలాంటి గుడ్ల సంచిని పొట్ట కింద పట్టుకుని తిరుగుతుంది. మనం చీపురుతో కొట్టేది ఆ తల్లిని.

‘సాలీడు ఉచ్చపోస్తే పొక్కులొస్తాయి’ అంటారు. అబద్ధం. లైటుకి మూగే పెడరస్ పురుగు ఒంటి మీద నలిగితే దాని రసానికి పొక్కులు లేస్తాయి. సర్పి వచ్చేది వైరస్ వల్ల. రెండు పాపాలూ సాలీడు నెత్తిన రుద్దాం. చేత్తో నొక్కి పట్టుకుంటే కరుస్తుంది, నొప్పి పుడుతుంది. అంతేగాని మనిషి ప్రాణం తీసేది కాదు.

శ్రీకాళహస్తి పేరులో ‘శ్రీ’ అంటే సాలీడే. పాముకీ ఏనుగుకీ ముందు దాని పేరే చెప్పుకున్నారు మన పెద్దలు. శివుడు మోక్షమిచ్చాడని దణ్ణం పెట్టుకుని వచ్చి, అదే జీవి మీద స్ప్రే కొట్టడానికి చెయ్యెలా వస్తుంది?

ఈ రాత్రి కనబడితే వెడల్పాటి డబ్బా మెల్లగా బోర్లించండి, కిందికి అట్ట జరపండి, పెరట్లో వదలండి. అంత ఓపిక లేకపోతే లైటు ఆర్పి పడుకోండి. దాని వేట దాన్ని చేసుకోనివ్వండి.