ఢిల్లీ లేఖ: వంతెన దాటే వ్యవధి లేదు

ఆసుపత్రుల దుస్థితిపై పార్లమెంటులో ప్రశ్న వచ్చినపుడు మంత్రులకు అక్కరకు వచ్చే సమాధానం ఒకటున్నది: ప్రజారోగ్యం రాష్ట్రాల జాబితాలోని విషయం. రాజ్యాంగరీత్యా అది సత్యమే. కాని హౌరా విషయంలో ఆ వాక్యం చాటున కేంద్రం తలదాచుకోజాలదు. అక్కడి రైల్వే స్టేషను కేంద్రానిది. జనపనార మిల్లుల కార్మికులకు వైద్యం సమకూర్చే ఈ.ఎస్.ఐ. వ్యవస్థ 1948లో చేసిన కేంద్ర చట్టం నుంచి పుట్టింది. హుగ్లీ తీరపు ఆ మిల్లులలో ఒకనాడు గంజాం, విశాఖ ప్రాంతాల నుంచి వలస వెళ్లిన మనవారెందరో చెమటోడ్చారు.

యంత్రంలో పడి నలిగిన వేలు, ప్లాట్‌ఫారంపై గీసుకున్న మోకాలు, మధుమేహ రోగి పాదంపై చిన్న పుండు. ఇటువంటి స్వల్ప కారణాల నుంచే ఒక్కొక్కపుడు నెక్రొటైజింగ్ ఫేసియైటిస్ అనే ఘోర వ్యాధి తలెత్తుతుంది. సూక్ష్మజీవులు చర్మం కింద, కండరాలను కప్పిన పొర వెంట పాకుతాయి. రక్తనాళాలు మూసుకుపోయి లోపలి కణజాలం చచ్చిపోతుంది. పైకి కనిపించేది కొద్దిపాటి ఎరుపు, వాపు మాత్రమే. ఆ వాపుకు పొంతన లేని భరింపరాని నొప్పే తొలి హెచ్చరిక. బొబ్బలు లేచి చర్మం నల్లబడేసరికి పరిస్థితి చేయి దాటుతూ ఉంటుంది. రక్తపరీక్షలు, స్కానింగులు అనుమానాన్ని బలపరచవచ్చు. కాని వాటికోసం ఆపరేషను ఆపరాదు. కోసి చూడడమే తిరుగులేని పరీక్ష. చచ్చిన భాగాన్ని పూర్తిగా తొలగించడమే అసలు చికిత్స. రక్తం చేరని చోటికి మందూ చేరదు గనుక, యాంటీబయాటిక్స్ ఎంత అవసరమైనా కత్తికి ప్రత్యామ్నాయం కావు. చికిత్స అందినా దాదాపు ఐదుగురిలో ఒకరిని బలిగొనే వ్యాధి ఇది. ఆలస్యమైతే చెప్పనే అక్కరలేదు.

ఆలస్యం సంగతి సుప్రీంకోర్టుకు తెలియనిది కాదు. 1992 జులైలో బెంగాల్‌లోని మథురాపూర్ స్టేషనులో రైలు నుంచి పడిన ఒక వ్యవసాయ కార్మికుని పలు ప్రభుత్వాసుపత్రులు చేర్చుకోలేదు. చివరకు అతడు ప్రైవేటు ఆసుపత్రిని ఆశ్రయించవలసి వచ్చింది. అత్యవసర వైద్యం నిరాకరించడం 21వ అధికరణం ప్రసాదించిన జీవించే హక్కును భంగపరచడమేనని 1996లో న్యాయస్థానం తీర్పు చెప్పింది. డబ్బు లేదన్న సాకు చెల్లదని కూడా స్పష్టం చేసింది.

తీర్పు వచ్చి మూడు దశాబ్దాలైనా, చిన్న ఆసుపత్రి చీటీ రాసి పెద్ద ఆసుపత్రికి పంపడం దేశమంతటా ఆనవాయితీగానే ఉన్నది. నిపుణులు చాలరన్నది అధికారుల వాదన. అది కొంతవరకు నిజమే. కాని ఈ తొలి శస్త్రచికిత్సకు మహానిపుణులు అక్కరలేదు. జనరల్ సర్జను, మత్తు డాక్టరు, రక్తం, తెరచి ఉన్న ఆపరేషన్ థియేటరు చాలు. తదుపరి వైద్యానికి వంతెన దాటించి కలకత్తా పంపవచ్చు.

కేంద్రం ముందుగా రైల్వే, ఈ.ఎస్.ఐ. ఆసుపత్రులలో ఈ ఏర్పాటు చేసి చూపించాలి. మన సభ్యులు కూడా కొత్త భవనాల సంఖ్య అడగడం మాని ఒకే ప్రశ్న వేయాలి: వీటిలో అర్ధరాత్రి ఆపరేషను చేయగలిగినవి ఎన్ని?