ముగింపు ఎవరు రాశారు?

1952లో మారిజేన్ మీకర్ అనే పాతికేళ్ల అమెరికన్ యువతి గోల్డ్ మెడల్ అనే పాకెట్ పుస్తకాల సంస్థకి ఒక నవల రాసింది. కాలేజీలో చదువుకునే ఇద్దరమ్మాయిల ప్రేమ కథ. ఎడిటర్ డిక్ కారొల్ కథ వేసుకుంటానన్నాడు గానీ ఒక షరతు పెట్టాడు: చివరికి ఆ ఇద్దరూ సుఖపడకూడదు. ఆయనకి నీతి పట్టింపేమీ లేదు. పుస్తకాలు తపాలాలో వెళ్లాలి. 1873 నాటి కామ్‌స్టాక్ చట్టం అశ్లీలమనిపించిన సరుకును ఆపేసే అధికారం పోస్టాఫీసుకిచ్చింది. ఆ ప్రేమను మెచ్చుకున్నట్టు కనిపిస్తే కట్టలకు కట్టలు పట్టుకుపోతారని ఆయన భయం. మీకర్ సరేనంది. కథలో ఒకమ్మాయికి మతి చలిస్తుంది, రెండో అమ్మాయి తానసలు ఆమెను ప్రేమించనే లేదని తేల్చుకుంటుంది. విన్ ప్యాకర్ అనే మారుపేరుతో వచ్చిన ఆ 'స్ప్రింగ్ ఫైర్' పాతిక సెంట్ల ధరకు సుమారు పదిహేను లక్షల ప్రతులు అమ్ముడైంది.

స్త్రీలను ప్రేమించే స్త్రీల సాహిత్యం గురించి మాట్లాడేటప్పుడు మనం ఇలాంటి పుస్తకాలను లెక్కలోకి తీసుకోం. నిషేధానికి గురైన గంభీరమైన రచనల దగ్గరే మొదలుపెట్టి అక్కడే ఆగిపోతాం. ఆ చరిత్ర నిజమే, కానీ సగమే. ఈ కథల ముగింపును మార్చింది ఎక్కువగా డిటెక్టివ్ నవలలు, రక్తపిశాచాల కథలు, పరాయి గ్రహాల కథలు, చారిత్రక థ్రిల్లర్లు. విమర్శకులు ముట్టుకోని అరలోని పుస్తకాలే ఆ పని చేశాయని నా అభిప్రాయం.

గంభీరమైన వైపు ఏం జరిగిందో చూడండి. 1928లో రాడ్‌క్లిఫ్ హాల్ రాసిన 'ది వెల్ ఆఫ్ లోన్లీనెస్' మీద లండన్‌లో కేసు నడిచింది. ఆ నవలలో పచ్చి శృంగారం లేదు. కథానాయిక తన ప్రియురాలిని వదులుకుని, ఆమెను ఒక మగవాడి చేతిలో పెట్టి, ఒంటరిగా మిగిలిపోతుంది. అయినా మేజిస్ట్రేట్ చార్ట్రెస్ బైరన్ దాన్ని అశ్లీలమని తేల్చాడు. సాక్ష్యం చెప్పడానికి వచ్చిన రచయితల మాట వినడానికి కూడా ఒప్పుకోలేదు. బ్రిటన్‌లో ఆ పుస్తకం మళ్లీ అచ్చు కావడానికి 1949 దాకా పట్టింది. కేసు నడిచిన ఆ 1928లోనే వర్జీనియా వుల్ఫ్ 'ఒర్లాండో' మాత్రం ఏ ఇబ్బందీ లేకుండా బయటికొచ్చింది. మూడు వందల ఏళ్లకు పైగా బతికే, మధ్యలో మగవాడి నుంచి స్త్రీగా మారే మనిషి కథ అది. వుల్ఫ్ దాన్ని తన ప్రియురాలు వీటా సాక్‌విల్‌-వెస్ట్ కోసమే రాసిందని ఆమె సాహిత్య మిత్రుల్లో చాలామందికి తెలుసు. నిజాన్ని నిజంగా చెప్పిన హాల్ పుస్తకం కోర్టుకెక్కింది, అద్భుత కథగా చెప్పిన వుల్ఫ్ తప్పించుకుంది.

అంతకు చాలా ముందే, 1871–72లో, షెరిడన్ లె ఫాను 'కార్మిల్లా'ను ధారావాహికగా రాశాడు. 'డ్రాకులా' కంటే పాతికేళ్ల ముందటి కథ. కార్మిల్లా అమ్మాయిలను కోరుకునే పిశాచి, అమ్మాయిల మెడ మీదే ఆమె కన్ను. రచయితకు లైసెన్సు ఇచ్చింది ఆ పిశాచత్వమే. మామూలు ఆడమనిషికి అంత ఆకలి అంటగడితే ప్రచురణకర్త వణికిపోయేవాడు. దానికి చెల్లించిన మూల్యం కూడా తెలిసిందే: చివర్లో గుండెలో మేకు, తెగిపడిన తల.

ఈ లెక్కను మొదట తిరగరాసిన పేరున్న రచయిత్రి పాట్రీషియా హైస్మిత్. 1948 డిసెంబరులో ఆమె న్యూయార్క్‌లోని బ్లూమింగ్‌డేల్స్ దుకాణంలో బొమ్మలమ్మే పని చేస్తోంది. బొచ్చుకోటు తొడుక్కున్న ఒకావిడ వచ్చి బొమ్మ కొనుక్కుని వెళ్లింది. అంతే. ఆ రాత్రే హైస్మిత్ కథ మొత్తం రాసి పెట్టుకుంది. కొద్ది రోజుల్లో ఆమెకు ఆటలమ్మ పోసింది. ఆ జ్వరంలోనే నవల పుట్టిందని తర్వాత సరదాగా చెప్పుకుంది. ఈ నవల రాస్తున్న రోజుల్లో ఆమె మొదటి నవలను హిచ్‌కాక్ సినిమాగా తీశాడు, ప్రచురణకర్తలకు మరో సస్పెన్స్ నవల కావాలి. వాళ్లు దీన్ని తిప్పి పంపారు. 1952లో వేరే సంస్థ నుంచి క్లేర్ మోర్గన్ పేరుతో 'ది ప్రైస్ ఆఫ్ సాల్ట్' వచ్చింది. తన పేరుతో వేయడానికి ఆమె 1990 దాకా ఒప్పుకోలేదు.

ఆ నవల సగం నుంచి ఒక వేట. ఇద్దరు స్త్రీలు కారులో పడమటికి వెళ్తుంటారు, వెనకాల వాళ్లలో ఒకరైన క్యారల్ భర్త పెట్టిన ప్రైవేటు డిటెక్టివ్, అతని చేతిలో హోటల్ గదుల మాటలు రికార్డు చేసే యంత్రం. అంటే హైస్మిత్ తనకు బాగా తెలిసిన సస్పెన్స్ సరంజామానంతా ప్రేమకథలోకి తెచ్చి దింపింది. క్యారల్ కూతురి మీద హక్కు పోగొట్టుకుంటుంది. అయితే ఎవరూ చావరు, ఎవరికీ పిచ్చెక్కదు, ఇద్దరూ మళ్లీ కలిసే ఆశతో కథ ఆగుతుంది. పాకెట్ ఎడిషన్ వచ్చాక ఏళ్ల తరబడి క్లేర్ మోర్గన్ పేరిట ఉత్తరాలు వచ్చాయి.

ఆ పాకెట్ పుస్తకాల అట్టలు మగవాళ్లను ఆకర్షించడానికే వేసేవారు. మందుల షాపులో, బస్ స్టేషన్లో తిరిగే స్టాండు మీంచి గుట్టుగా కొనుక్కుని, తనలాంటివాళ్లు ఇంకా ఉన్నారని తెలుసుకున్న ఆడవాళ్లూ ఎంతోమంది. వాళ్ల తరఫున ఆ చెత్తనంతా ఓపిగ్గా చదివింది బార్బరా గ్రియర్. 1967లో ఆమె తెచ్చిన గ్రంథసూచిలో ప్రతి పుస్తకానికీ గుర్తులుండేవి. 'టి' అంటే చెత్త. అయినా ఆ చెత్తను కూడా వదలకుండా జాబితాలో ఎక్కించింది. వివక్షకు గురైన పాఠకులకు వడపోత తర్వాత సంగతి, ముందు ఉనికి తెలియాలి. అదే గ్రియర్ 1973లో సహచరులతో కలిసి నాయడ్ ప్రెస్ పెట్టింది.

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే మలుపు నాయడ్ నుంచే వచ్చింది. 1984లో కేథరిన్ ఫారెస్ట్ 'అమెచ్యూర్ సిటీ'తో కేట్ డెలాఫీల్డ్‌ను సృష్టించింది. లాస్ ఏంజెలెస్ పోలీసుశాఖలో హత్యకేసుల డిటెక్టివ్, స్టేషన్లో తన సంగతి దాచుకుని బతికే స్త్రీ. మూడేళ్లకు బ్రిటన్లో వాల్ మెక్‌డెర్మిడ్ తన తొలి నవలతో లిండ్సే గోర్డన్ అనే పాత్రికేయురాలిని తెచ్చింది. సీరీస్ డిటెక్టివ్‌కి ఒక గొప్ప సౌకర్యముంది: చచ్చిపోకూడదు. వచ్చే పుస్తకంలో మళ్లీ కేసు పట్టాలి కదా. దశాబ్దాలుగా ఆత్మహత్యో, ఆసుపత్రో, మొగుడో అన్న మూడు దారులే ఉన్న పాత్రకు డిటెక్టివ్ నవల వ్యాపార సూత్రమే ప్రాణం పోసింది. ఇంకో మార్పు కూడా వచ్చింది. ఇక్కడ ఆమె ప్రేమ ఎవరో ఛేదించాల్సిన రహస్యం కాదు. ఛేదించేదే ఆమె.

పిశాచి కథకూ ఇదే జరిగింది. 1991లో జువెల్ గోమెజ్ 'ది గిల్డా స్టోరీస్'లో బానిసత్వం నుంచి పారిపోయిన నల్లజాతి అమ్మాయి 1850ల లూసియానాలో రక్తపిశాచిగా మారి 2050 దాకా బతుకుతుంది. రక్తం తీసుకుంటుంది, బదులుగా ఏదో ఇచ్చి వెళ్తుంది, ప్రాణం తీయదు. కార్మిల్లాకి శాపమైన అమరత్వం గిల్డాకి ఆయుష్షయింది. నికోలా గ్రిఫిత్ 'అమ్మొనైట్'లో మగవాళ్లే లేని గ్రహముంది. అక్కడ స్త్రీల మధ్య ప్రేమ ఎవరూ వివరించి చెప్పాల్సిన విషయమే కాదు. సారా వాటర్స్ స్వలింగ ప్రేమను చిత్రించిన చారిత్రక నవలల మీదే డాక్టరేట్ చేసి, ఆ పరిశోధనలోంచే విక్టోరియన్ నవలలు మొదలుపెట్టింది. ఆమె 'ఫింగర్‌స్మిత్'లో దొంగలు, పిచ్చాసుపత్రి, మారిపోయిన వారసత్వాలు అన్నీ ఉన్నాయి. పార్క్ చాన్-వుక్ 2016లో ఆ కథను జపాన్ పాలనలోని కొరియాకి తీసుకెళ్లి 'ది హ్యాండ్‌మెయిడెన్' తీశాడు. ఇంగ్లండు గతంలో అంతగా పాతుకున్న కథ అక్కడ అంత సులువుగా వేళ్లూనుకోవడానికి కారణం ఆ థ్రిల్లర్ ఎముకల గూడే.

దీనికి ఒక అభ్యంతరముంది, తోసేయదగ్గది కాదు. ఇవాళ ఇంగ్లిష్ రొమాన్స్ మార్కెట్లో సుఖాంతం నియమమైపోయింది, ప్రేమికులు విడిపోతే పాఠకులు మండిపడతారు. ఒక ఫార్ములా పోయి మరొకటి వచ్చిందనే మాటలో నిజముంది. అయితే ఈ రెండోదాని వెనక చట్టం లేదు. దాన్ని కాదని రాసిన రచయిత్రికి అమ్మకాలు తగ్గుతాయేమో గానీ, పుస్తకాన్ని పోలీసులు ఎత్తుకుపోరు.

మన దేశానికి వస్తే దారి వేరు. 1942లో ఇస్మత్ చుగ్తాయ్ 'లిహాఫ్' రాసింది, బ్రిటిష్ ప్రభుత్వం లాహోర్ కోర్టుకు పిలిచింది, అశ్లీలమైన మాట ఒక్కటీ చూపించలేక కేసు వీగిపోయింది. 1911లో పాతకాలపు కవయిత్రి ముద్దుపళని 'రాధికా సాంత్వనము'ను మద్రాసు ప్రభుత్వం నిషేధించిందీ ఆ వలస పాలన తెచ్చిన అశ్లీలత చట్టంతోనే. మలయాళంలో 1974 నాటికే వి.టి. నందకుమార్ 'రండు పెణ్‌కుట్టికళ్' వచ్చింది, నాలుగేళ్లలో సినిమా కూడా అయింది. ఇంగ్లిష్‌లో 2008లో అమృతా పాటిల్ 'కరి' అనే గ్రాఫిక్ నవల వేసింది. ఒక్కొక్కటీ ఒంటరి సంఘటన. సీరీస్ లేదు, అర లేదు, తర్వాతి పుస్తకం కోసం ఎదురుచూసే పాఠకురాలు లేదు.

తెలుగులో ఇది మరింత వింతగా తోస్తుంది, ఎందుకంటే జనరంజక నవల మనకు కొత్త కాదు. కొమ్మూరి డిటెక్టివ్ యుగంధర్, యద్దనపూడి రొమాన్సులు, యండమూరి క్షుద్రశక్తుల కథలు అద్దె పుస్తకాల షాపుల ద్వారా ఊరూరా తిరిగాయి. వారపత్రికల సీరియళ్లు ముందు ఎవరు చదవాలని ఇళ్లల్లో గొడవ పెట్టించాయి. ఇన్ని అచ్చులు చేతిలో ఉండీ, ఇద్దరు ఆడవాళ్ల ప్రేమను మాత్రం నాకు కనిపించినంతలో సమస్య కథలోనే పెట్టాం: తల్లిదండ్రుల కన్నీళ్లు, డాక్టరు ఉపన్యాసం, చివర్లో సానుభూతి. 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు 377వ సెక్షన్ నుంచి పరస్పర అంగీకార సంబంధాలను తప్పించాక కూడా సానుభూతి పాలే పెరిగింది. ఆమె కేసు ఛేదించదు, దయ్యాన్ని వదిలించదు, ఎవరినీ మోసం చేసి పారిపోదు. మన ఎడిటర్ల నెత్తిన కామ్‌స్టాక్ చట్టం లేదు. ఆ షరతు ఎవరు పెడుతున్నారో వాళ్లనే అడగాలి.